హైస్కూల్లోనే కాలేజీ క్రెడిట్: ఈ మెట్లు మొదట ఎవరి కోసం కట్టారు?

 

మొన్న మన తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, అమెరికాలో స్కూల్ పిల్లలకు జీపీఏ 4కి 4.5 వస్తదంట, నిజమేనా? వందకు నూటపది మార్కులు ఎట్లొస్తయే?" అప్పుడు నవ్వుకుని రెండు ముక్కల్లో జవాబు చెప్పి వదిలేశాం. కానీ దాని వెనక వందేళ్ల పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర మనకు అక్కరకొచ్చేదే. కొంచెం పొడవైన పోస్ట్, ఓపిగ్గా చదవండి.

ముందు లెక్క అర్థం చేసుకుందాం. అమెరికాలో హైస్కూల్ అంటే 9 నుంచి 12 దాకా నాలుగేళ్లు. మనకు తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు కలిపినట్టు. అక్కడ మామూలు కోర్సులో ఏ గ్రేడ్ వస్తే 4 పాయింట్లు, బీ వస్తే 3, సీ వస్తే 2. అన్నిటి సగటే జీపీఏ. చాలా స్కూళ్లలో కష్టమైన కోర్సు తీసుకున్న వాళ్లకు ఒక పాయింట్ ఎక్కువ వేస్తారు. అంటే ఏ వస్తే 5, బీ వస్తే 4. దీన్నే వెయిటెడ్ గ్రేడ్ అంటారు. తమ్ముడు చెప్పిన 4.5 అట్లా వచ్చిందే.

ఆ కష్టమైన కోర్సుల్లో పేరున్నది ఏపీ. మన ఏపీ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. స్కూల్లోనే, స్కూల్ టీచరే, కాలేజీ మొదటి ఏడాది స్థాయి పాఠం చెప్తారు. మే నెలలో దేశమంతటికీ ఒకటే పరీక్ష. స్కోరు 1 నుంచి 5 దాకా. 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే చాలా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి. కొన్ని 4, 5 వస్తేనే ఇస్తాయి. అక్కడ డిగ్రీకి సుమారు 120 క్రెడిట్లు కావాలి, ఒక్కో కోర్సుకు మామూలుగా 3. అంటే ఐదు కోర్సుల క్రెడిట్ ముందే చేతిలో ఉన్న పిల్లకు దాదాపు ఒక సెమిస్టర్ చదువు, ఒక సెమిస్టర్ ఫీజు మిగిలినట్టే. అమెరికా కాలేజీ ఫీజుల సంగతి తెలిసిన వాళ్లకు ఇది ఎంత పెద్ద మాటో అర్థమవుతుంది.

ఇప్పుడు ఇది ఎక్కడ పుట్టింది, ఎవరి కోసం పుట్టింది అనేది చూద్దాం.

గంటల లెక్క ఎట్లా మొదలైంది

అసలు "క్రెడిట్" అనే లెక్కకు మూలం ముసలి ప్రొఫెసర్ల పెన్షన్ అంటే నమ్ముతారా? 1905లో ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ కాలేజీ అధ్యాపకుల పెన్షన్ కోసం కోటి డాలర్లు ఇచ్చాడు. ఆ డబ్బు ఏ కాలేజీకి ఇవ్వాలి? దానికి ముందు ఏది కాలేజీ, ఏది పేరుకు మాత్రమే కాలేజీ అని తేల్చాలి. అందుకని కార్నెగీ ఫౌండేషన్ ఒక షరతు పెట్టింది: చేర్చుకునే విద్యార్థి హైస్కూల్లో 14 యూనిట్లు పూర్తి చేసి ఉండాలి. ఒక సబ్జెక్టు ఏడాదిలో సుమారు 120 గంటలు చదివితే ఒక యూనిట్. పెన్షన్ డబ్బు కావాలి కాబట్టి కాలేజీలు ఒప్పుకున్నాయి. కాలేజీలు అడుగుతున్నాయి కాబట్టి స్కూళ్లు మారాయి. కొన్నేళ్లలోనే దేశమంతా చదువును గంటల్లో కొలవడం అలవాటైంది.

దీనివల్ల ఒక మేలు జరిగింది. ఏ ఊరి స్కూల్లో చదివినా ఒకే లెక్క వచ్చింది. కానీ పిల్లవాడు ఎంత నేర్చాడన్నది ఇది కొలవలేదు, ఎంతసేపు కూర్చున్నాడన్నదే కొలిచింది.

అదే కాలంలో అక్కడి ఆదివాసీ పిల్లలు ఎక్కడున్నారు? పెన్సిల్వేనియాలో 1879లో పెట్టిన కార్లైల్ బోర్డింగ్ స్కూల్ లాంటి చోట్ల ఉన్నారు. సగం రోజు పాఠం, సగం రోజు పని. వడ్రంగం, కుట్టుపని, బట్టలుతకడం. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. ఆ పిల్లలకు తెలిసిన నేల, చెట్టు, నది, కథ, మందు, ఏదీ ఏ యూనిట్‌లోకీ రాలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

1951: మూడు స్కూళ్లు, మూడు యూనివర్సిటీలు

ఏపీ కథ ధనవంతుల బడుల్లో మొదలైంది. ఆండోవర్, ఎక్సెటర్, లారెన్స్‌విల్ అనే మూడు ప్రైవేట్ స్కూళ్లు. హార్వర్డ్, ప్రిన్స్‌టన్, యేల్ అనే మూడు యూనివర్సిటీలు. ఈ ఆరూ కలిసి ఒక కమిటీ వేసుకున్నాయి. డబ్బు ఫోర్డ్ ఫౌండేషన్ పెట్టిన ఒక నిధి నుంచి వచ్చింది. వాళ్ల బాధ ఏంటంటే, తమ పిల్లలు స్కూల్లో నేర్చిన పాఠమే కాలేజీ మొదటి ఏడాదిలో మళ్లీ వింటున్నారు, టైం వేస్ట్ అవుతోంది అని. 1952లో రిపోర్ట్ వచ్చింది: స్కూల్లోనే పై స్థాయి పాఠం చెప్పి, పరీక్ష పెట్టి, నెగ్గిన వాళ్లను కాలేజీలో పై మెట్టు ఎక్కించండి అని.

అదే సమయంలో ఒహాయోలోని కెన్యన్ కాలేజీ అధ్యక్షుడు గోర్డన్ చామర్స్ 12 కాలేజీలను కూడగట్టి ఇలాంటి ప్రయత్నమే మొదలుపెట్టాడు. కొన్ని స్కూళ్లలో ప్రయోగం చేశారు. 1955లో ఈ పనిని కాలేజ్ బోర్డ్ అనే సంస్థ తీసుకుంది. 1956 మేలో దాని కింద జరిగిన మొదటి పరీక్షలకు 104 స్కూళ్ల నుంచి 1,229 మంది రాశారు. ఇప్పుడు ఏటా పాతిక లక్షల మందికి పైగా రాస్తున్నారు.

ఆ రోజుల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. నల్లజాతి పిల్లలకు వేరే బడులు పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది 1954లో. అంటే ఒక పక్క "మా పిల్లలను ఒకే బడిలోకి రానివ్వండి" అని కొందరు కోర్టు మెట్లు ఎక్కుతున్నారు. ఇంకో పక్క "మా పిల్లలు మొదటి ఏడాది పాఠం రెండుసార్లు వినాల్సి వస్తోంది" అని కొందరు కమిటీ వేసుకుంటున్నారు. రెండూ ఒకే దేశంలో, ఒకే ఐదేళ్లలో.

1957లో రష్యా స్పుత్నిక్‌ను పైకి పంపాక అమెరికాకు భయం పట్టుకుంది. తెలివైన పిల్లలను ఏరి త్వరగా శాస్త్రవేత్తలను చెయ్యాలనే తొందరలో ఏపీ ఇంకా పాకింది. కానీ ఏరేది ఎవరిని? ముందే మంచి బడిలో ఉన్నవాళ్లనే.

గార్‌ఫీల్డ్ హైస్కూల్: "కాపీ కొట్టారు" అన్న మాట

ఇక్కడ హైమె ఎస్కలాంటే అనే సార్ గురించి చెప్పాలి. పుట్టింది బొలీవియాలో. తల్లిదండ్రులిద్దరూ ఐమారా ఆదివాసీల ఊళ్లో టీచర్లు. అమెరికా వచ్చి, అక్కడ మళ్లీ మొదటినుంచి చదువుకుని, 1974లో తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని గార్‌ఫీల్డ్ హైస్కూల్లో లెక్కల టీచర్‌గా చేరాడు. బడిలో దాదాపు అందరూ మెక్సికో మూలాలున్న పేద కుటుంబాల పిల్లలు. అక్కడ ఏపీ కాలిక్యులస్ పెడతానంటే తోటి వాళ్లే నవ్వారు. మొదటి బ్యాచ్‌లో పరీక్షదాకా నిలబడింది ఐదుగురే.

1982లో 18 మంది రాశారు. అందరూ పాసయ్యారు. అప్పుడేమైంది? పరీక్ష నడిపే సంస్థకు అనుమానం వచ్చింది. 14 మంది జవాబుల్లో ఒకే రకం తప్పులు ఉన్నాయి, ఇది కాపీ కావచ్చు అంది. 12 మంది మళ్లీ రాయడానికి ఒప్పుకున్నారు. కొత్త పేపర్, వెంట కాపలా. 12 మందికి 12 మందీ మళ్లీ పాసయ్యారు.

1988లో దీనిమీద సినిమా వచ్చింది. సినిమా చూసిన వాళ్లు ఒక మొండి సారు ఒక్క ఏడాదిలో అద్భుతం చేశాడనుకుంటారు. అసలు కథ వేరే. కాలిక్యులస్ క్లాసుకు ముందు కింది తరగతుల ఆల్జీబ్రా, జ్యామెట్రీ బాగుచేశారు. వేసవిలో పక్కనున్న కమ్యూనిటీ కాలేజీలో క్లాసులు పెట్టారు. వెన్నుదన్నుగా ఒక ప్రిన్సిపాల్ నిలబడ్డాడు. ఇదంతా ఏళ్ల తరబడి సాగిన పని. 1991లో ఎస్కలాంటే ఆ బడి వదిలి వెళ్లాక పాసయ్యే వాళ్ల సంఖ్య పడిపోయింది. ఒక మంచి సారు దొరకడం అదృష్టం. ఆ సారు వెళ్లినా నడిచేట్టు చేయడం వ్యవస్థ పని. మన బడుల్లో రెండోదే కరువు.

ఒక పాయింట్ ఎక్కువ వేస్తే ఎవరు మునిగారు

1980ల నుంచి కాలిఫోర్నియా యూనివర్సిటీ అడ్మిషన్లలో ఏపీ లాంటి కోర్సుల గ్రేడ్‌కు అదనపు పాయింట్ కలపడం మామూలైంది. ఉద్దేశం మంచిదే. సులువు కోర్సులు తీసుకుని ఏ గ్రేడ్లు పోగేసుకునే వాడికంటే, కష్టమైన కోర్సు తీసుకుని బీ తెచ్చుకున్న వాడు నష్టపోకూడదు అని.

కానీ ఆ కోర్సే మీ బడిలో లేకపోతే?

1999లో లాస్ ఏంజెలెస్ పక్కనున్న ఇంగిల్‌వుడ్ హైస్కూల్ విద్యార్థులు రాష్ట్రం మీద కేసు వేశారు. పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ వాళ్ల తరఫున నిలబడింది. వాళ్ల బడి పిల్లలు ఎక్కువమంది నల్లజాతి, లాటినో కుటుంబాల వాళ్లు. బడిలో ఉన్న ఏపీ సబ్జెక్టులు మూడే. కొద్ది మైళ్ల దూరంలో సినిమావాళ్లు ఉండే బెవర్లీ హిల్స్ స్కూల్లో 14 ఉన్నాయి. ఇంగిల్‌వుడ్ పిల్ల అన్ని సబ్జెక్టుల్లో ఏ తెచ్చుకున్నా 4 దగ్గరే ఆగిపోతుంది. అటు పిల్ల 4 దాటి వెళ్తుంది. ఇద్దరి ఫారాలూ ఒకే టేబుల్ మీదికి వస్తాయి. ఆ టేబుల్ ముందు కూర్చున్నవాళ్లకు కనిపించేది అంకె. బడిలో కోర్సు లేదన్న సంగతి ఆ అంకెలో కనిపించదు.

కేసు వేసిన మరుసటి ఏడాదే ఏపీ కోర్సులు తక్కువున్న బడులకు గ్రాంట్లు ఇచ్చే పథకం రాష్ట్రం తెచ్చింది. మొత్తం సమస్య తీరిందని కాదు. కానీ పిల్లలు అడిగిన ప్రశ్న మాత్రం నిలిచింది: మా దగ్గర లేని దానికి మీరు మార్కులు ఎట్లా వేస్తారు?

ఇంకో దారి: టాపర్లకు కాదు, జారిపోయేవాళ్లకు

కాలేజీ క్రెడిట్ అంటే తెలివైన వాళ్లకిచ్చే బహుమతి అనే ఆలోచనను తిరగేసిన చోటు ఒకటుంది. 1974లో న్యూయార్క్‌లో లాగార్డియా కమ్యూనిటీ కాలేజీ ఆవరణలోనే ఒక హైస్కూల్ పెట్టారు. పేరు మిడిల్ కాలేజ్. అందులో చేర్చుకుంది టాపర్లను కాదు, చదువు మానేసేలా ఉన్న పిల్లలను. కాలేజీ పిల్లల మధ్య తిరిగితే, వాళ్ల లైబ్రరీలో కూర్చుంటే, ఒకటి రెండు కాలేజీ కోర్సులు పాసైతే "నేనూ కాలేజీ మనిషినే" అన్న నమ్మకం వస్తుందని వాళ్ల లెక్క. 2002 తర్వాత ఇదే ఆలోచనతో ఎర్లీ కాలేజ్ హైస్కూళ్లు దేశమంతా వచ్చాయి. కొన్ని చోట్ల సీట్లు లాటరీ తీసి ఇచ్చారు కాబట్టి, సీటు వచ్చినవాళ్లను రానివాళ్లతో సరిపోల్చి పరిశోధకులు చూడగలిగారు. సీటు వచ్చినవాళ్లే ఎక్కువమంది కాలేజీలో చేరి డిగ్రీ దాకా వెళ్లారని తేలింది.

1985లో మిన్నెసోటా రాష్ట్రం చట్టమే చేసింది. 11, 12 తరగతుల పిల్లలు నేరుగా కాలేజీకి వెళ్లి కోర్సు చదవొచ్చు, ట్యూషన్ ఫీజు రాష్ట్రం కడుతుంది. 1990లో వాషింగ్టన్ రాష్ట్రం రన్నింగ్ స్టార్ట్ తెచ్చింది. ఒకే కోర్సుకు అటు స్కూల్ లెక్కలోనూ ఇటు కాలేజీ లెక్కలోనూ మార్కు పడుతుంది. దీన్నే డ్యూయల్ క్రెడిట్ అంటారు. మారుమూల స్కూళ్లకు ఇది ఏపీ కంటే అందుబాటులో ఉన్న దారి. అయినా ఫీజు మాఫీ అయినంత మాత్రాన అన్నీ మాఫీ కావు. పుస్తకాలు, రోజూ కాలేజీకి పోయే బస్సు ఖర్చు చాలా చోట్ల ఇంటివాళ్ల మీదే. బస్సు సంగతి మన ఏజెన్సీ పిల్లలకు చెప్పనక్కర్లేదు.

సొంత కాలేజీ కట్టుకున్నవాళ్లు

ఇప్పుడు కార్లైల్ దగ్గరికి వద్దాం.

1968లో నవాహో జాతి తన సొంత కాలేజీ పెట్టుకుంది. అమెరికాలో ఒక తెగ స్థాపించుకున్న మొదటి కాలేజీ అదే. ఇప్పుడు దాని పేరు డినే కాలేజ్. వాళ్ల భాషలో వాళ్లు తమను పిలుచుకునే పేరు డినే. 1973లో ఇలాంటి కాలేజీలన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. 1978లో వీటికి కేంద్ర ప్రభుత్వం నిధులివ్వాలని చట్టం వచ్చింది. ఇప్పుడు 30కి పైగా ట్రైబల్ కాలేజీలు ఉన్నాయి.

ఈ కాలేజీలు చాలావరకు తమ ప్రాంతపు హైస్కూల్ పిల్లలకు డ్యూయల్ క్రెడిట్ ఇస్తున్నాయి. లెక్కలు, ఇంగ్లిష్ మాత్రమే కాదు, తమ భాష, తమ చరిత్ర కూడా క్రెడిట్ కోర్సులే. ఒక్కసారి ఆలోచించండి. కార్లైల్ లాంటి బడిలో ముత్తాత ఏ భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్నాడో, అదే భాష మునిమనవరాలు పదకొండో తరగతిలో చదివితే కాలేజీ క్రెడిట్ పడుతోంది. ఇది ఎవరో దయతో ఇచ్చింది కాదు. లెక్క రాసే పుస్తకం వాళ్ల చేతిలోకి తెచ్చుకున్నారు కాబట్టి జరిగింది.

మన దగ్గరా ఒక మొదలు ఉంది. 1940లలో ఆదిలాబాద్ మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దొర కాలంలో గోండు టీచర్లకు శిక్షణ ఇచ్చి, గోండీలో వాచకాలు తయారు చేశారు. అది కాలేజీదాకా పాకలేదు.

మరి మన సంగతి?

వెయిటేజీ అంటే మనకు కొత్త కాదు. ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఏళ్ల తరబడి నడిచింది. తెలంగాణలో 2023లో దాన్ని పూర్తిగా ఎత్తేశారు. నేను ఇంటర్ చదివిన చోట ఫిజిక్స్ సారు డిసెంబర్ దాకా రాలేదు. సగం సిలబస్ మేమే ఒకరికొకరం చెప్పుకున్నాం. ఆ మార్కుల్లోనే 25 శాతం నా ర్యాంకులో కలిసింది. నా ర్యాంకు చూసినవాళ్లెవరికీ ఆ ఖాళీ కుర్చీ కనిపించలేదు. అందుకే ఇంగిల్‌వుడ్ పిల్లల కేసు గురించి చదివినప్పుడు అది నాకు పరాయి దేశం కథ అనిపించలేదు.

ఇప్పుడు మన దేశంలోనూ క్రెడిట్ల లెక్క వస్తోంది. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది. 2023లో నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకటించారు. ఇందులో స్కూల్ చదువు కూడా ఉంది. ఏడాదికి 1,200 గంటల చదువు, దానికి 40 క్రెడిట్లు. అంటే 30 గంటలకు ఒకటి. కార్నెగీ గంటల లెక్కే, వందేళ్లు దాటాక మన గుమ్మం ముందు నిలబడింది. తరగతి గది బయట అనుభవంతో నేర్చిన పనికి కూడా క్రెడిట్ ఇవ్వొచ్చని ఆ పత్రంలో రాసి ఉంది. రాసి ఉండటం వేరు, మన గురుకులంలో, మన ఆశ్రమ పాఠశాలలో అమలు కావడం వేరు.

అందుకే ఇప్పుడే అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. క్రెడిట్ ఇచ్చే కోర్సులు ఏకలవ్య స్కూళ్లలో, ట్రైబల్ వెల్ఫేర్ కాలేజీల్లో ఎన్ని ఉంటాయి? చెప్పడానికి రెగ్యులర్ లెక్చరర్ ఉంటాడా? కోర్సు లేని బడి పిల్లను కోర్సు ఉన్న బడి పిల్లతో ఒకే లిస్టులో పెడతారా? విత్తనాల గురించి, అడవి మందుల గురించి, కోయ, గోండీ, సవర, బంజారా భాషల గురించి మన పెద్దలు చెప్పేది క్రెడిట్ అవుతుందా? అయితే ఆ పెద్దమనిషి టీచర్‌గా లెక్కకొస్తాడా, లేక పట్నం నుంచి ఎవరో వచ్చి మన పాట మనకే నేర్పి సంతకం పెడతారా?

చివరగా ఒక సంగతి. 2018లో వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల ఉన్న ఎనిమిది పేరున్న ప్రైవేట్ స్కూళ్లు ఏపీ కోర్సులు మానేస్తున్నామని ప్రకటించాయి. మా టీచర్లు ఇంకా లోతైన పాఠాలు సొంతంగా తయారు చేసుకుంటారు, మాకిది అక్కర్లేదు అని. ఏపీని మొదట కట్టుకుంది అలాంటి బడులే. అందరూ ఆ మెట్టు ఎక్కేసరికి వాళ్లు ఇంకో మెట్టు కట్టుకున్నారు. కాబట్టి పై వాళ్ల మెట్ల వెనక పరుగెత్తడమే మన పని అయితే ఎప్పుడూ ఒక మెట్టు కిందే ఉంటాం. నవాహోలు రెండు పనులూ చేశారు. ఉన్న మెట్లలో తమ వాటా అడిగారు, తమ గుమ్మం ముందు తమ మెట్టు కట్టుకున్నారు.

తమ్ముడూ, నువ్వు అడిగిన 4.5 సంగతి ఇదీ. నువ్వు చదువుతున్న కాలేజీలో ఈ ఏడాది ఏ సబ్జెక్టుకు లెక్చరర్ లేరో ఇక్కడ కింద రాయి. మిగతావాళ్లు కూడా రాయండి. కాలేజీ పేరు, సబ్జెక్టు, ఎన్ని నెలల నుంచి ఖాళీ. అందరివీ కలిపి ఒక లిస్టు చేసి ఐటీడీఏ పీవో గారికి ఇద్దాం. ఇంగిల్‌వుడ్ పిల్లలు కూడా మొదట అట్లాంటి ఒక లెక్కే పట్టుకుని వెళ్లారు: మా బడిలో మూడు, వాళ్ల బడిలో పద్నాలుగు.

జోహార్.